ఆన్‌లైన్ సముదాయాలు: పలకరింపు, దిద్దుబాటు, మనవాళ్లమన్న భావం

ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు ఇంటర్నెట్‌లో ఒకే పని మీదో ఒకే ఆసక్తి మీదో మళ్లీ మళ్లీ తారసపడుతూ, ఎవరి మాటతీరు ఏమిటో, ఎవరి పనితనం ఎంతో పరస్పరం ఎరిగిన స్థితికి వస్తే దాన్ని ఆన్‌లైన్ సముదాయం అనవచ్చు. ఒకే చోట పేర్లు నమోదై ఉండటం ఒక్కటే చాలదు. రైల్వే టికెట్ల సైటులో కోట్ల మందికి ఖాతాలున్నాయి; వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. డేవిడ్ మెక్‌మిలన్, డేవిడ్ చావిస్ 1986లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం సముదాయ భావనకు నాలుగు అంశాలు కావాలి: ఇందులో నేనూ ఉన్నానన్న సభ్యత్వం, నా మాటకు ఎంతో కొంత చెల్లుబాటు, అవసరాలు తీరడం, కలిసి గడిపిన కాలం వల్ల పుట్టే మమకారం. ఆ సిద్ధాంతం వచ్చేనాటికి ఇంటర్నెట్ సామాన్యులకు అందలేదు. అయినా తర్వాతి పరిశోధకులు ఆన్‌లైన్ సముదాయాలకూ దాన్నే కొలబద్దగా పట్టుకున్నారు. ఈ నాలుగూ ఎక్కణ్ణుంచి పుడతాయన్నదే అసలు ప్రశ్న. ఒకే భాష, ఒకే ఊరు, ఒకే అభిమానం ఉంటే వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారు. ఈ వ్యాసం వాదన వేరు. రోజువారీ చిన్న చిన్న వ్యవహారాలే, అందులోనూ ఒకరి తప్పును మరొకరు ఓపికగా దిద్దే వ్యవహారమే, మనవాళ్లమన్న భావాన్ని నిలబెడుతుంది. పలకరింపు దాన్ని మొదలుపెట్టగలదు, కడదాకా మోయలేదు.

దీనికి తెలుగులో దొరికే మంచి దృష్టాంతం హైదరాబాద్ పాతబస్తీ అంచున, నయాపూల్ పక్కనే మొదలవుతుంది. మూసీ ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రికి పక్కగా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936 నుంచి ఇప్పటి భవనంలో నడుస్తోంది. 2000 దశకంలో ఈ గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకాలు పెద్ద ఎత్తున స్కానింగ్ యంత్రాల కిందికి వెళ్లాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి మిలియన్ బుక్ ప్రాజెక్టును తలపెట్టారు. దానికి మన దేశంలో రూపం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో ఆ పని ట్రిపుల్ ఐటీ చూసింది. కాపీరైటు అభ్యంతరాలతో 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడినా, పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి బతికిపోయాయి. అయితే స్కాన్ చేసిన పుట బొమ్మ మాత్రమే. అందులో మాటను వెతకలేం, ఎత్తి రాసుకోలేం, చూపులేనివారికి కంప్యూటర్ చేత చదివించలేం. ఆ బొమ్మల్ని అక్షరాలుగా మార్చే పని 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో, వాటిని ఆధారాలుగా వాడుకునే పని 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో సాగుతున్నాయి. జీతం లేని ఈ పని చేసేవాళ్లు ఎందుకు నిలబడ్డారో, ఎందుకు వెళ్లిపోయారో పరిశీలిస్తే పై వాదన బలం తెలుస్తుంది.

ముందు పలకరింపు సంగతి. మానవశాస్త్రజ్ఞుడు మలినోవ్‌స్కీ 1923లో ఒక మాట తేల్చాడు: మనుషులు మాట్లాడుకునే దాంట్లో పెద్ద భాగం సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి కాదు, బంధం ఉందని చెప్పుకోవడానికే. ‘తిన్నావా?’ అని అడిగినవారికి మన కూర ఏమిటో అక్కర్లేదు. రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఇదే ఆలోచనను స్థలాలకు అన్వయించాడు. ఇల్లు ఒకటి, పనిచేసే చోటు రెండు. ఈ రెండూ కాని మూడో చోటు, అంటే చాయ్ దుకాణం, క్షౌరశాల, పుస్తకాల కొట్టు లాంటివి ఊరిని ఊరుగా ఉంచుతాయన్నాడు. పాతబస్తీ ఇరానీ హోటళ్లు చూసినవారికి ఈ సంగతి ఒక అమెరికన్ ప్రొఫెసర్ చెప్పేదాకా తెలియకపోలేదు. 1985లో కాలిఫోర్నియాలో మొదలైన ద వెల్ అనే కంప్యూటర్ సంభాషణ వేదిక గురించి రాస్తూ హోవర్డ్ రైన్‌గోల్డ్ 1993లో, తెర మీద కూడా ఇలాంటి మూడో చోటు ఏర్పడుతుందన్నాడు. ఆ పోలిక కొంతవరకే చెల్లుతుంది. హోటల్లో మాట్లాడకుండా కూర్చున్నవాడు కూడా కంటికి కనిపిస్తాడు. రెండు రోజులు రాకపోతే బల్ల దగ్గరి బేరర్ అడుగుతాడు. తెర మీద మౌనంగా ఉన్నవాడు లేనివాడి కిందే లెక్క. అందుకే ఆన్‌లైన్‌లో జవాబుకు బయటి లోకంలో లేనంత విలువ వస్తుంది.

ఆ విలువను కొలిచినవాళ్లున్నారు. ఎలిజబెత్ జాయిస్, రాబర్ట్ క్రౌట్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో యూజ్‌నెట్ అనే పాత ఆన్‌లైన్ చర్చావేదికలోని ఆరు న్యూస్‌గ్రూపుల్లో కొత్తగా అడుగుపెట్టిన 2,777 మంది తొలి సందేశాలను పరిశీలించారు. సుమారు 61 శాతం మందికి ఎవరో ఒకరి జవాబు వచ్చింది. జవాబు రానివారిలో మళ్లీ రాసే అవకాశం 44 శాతం. వచ్చినవారిలో 56 శాతం. ఇందులో ఆశ్చర్యపరిచే సంగతి మరొకటుంది. జవాబు తియ్యగా ఉందా కటువుగా ఉందా, అడిగిన ప్రశ్న తీరిందా లేదా అన్నవి ఈ లెక్కను మార్చలేదు. జవాబు రావడమే పనిచేసింది. మర్యాద అక్కర్లేదని దీనికి అర్థం తీయకూడదు. ‘నువ్వు రాసింది ఒకరు చదివారు’ అన్న సమాచారం మర్యాదకంటే ముందు చేరుతుందని మాత్రమే అర్థం.

తెలుగువాళ్ల ఆన్‌లైన్ చరిత్ర సరిగ్గా ఆ న్యూస్‌గ్రూపుల కాలంలోనే మొదలైంది. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో సాక్. కల్చర్. ఇండియన్. తెలుగు అనే గుంపులో కలుసుకునేవారు. తెర మీద తెలుగు అక్షరం లేని రోజులవి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అక్కడ చెలామణీ అయింది: పెద్ద అక్షరం వేస్తే ‘ట’, చిన్న అక్షరం వేస్తే ‘త’. 1998లో ఈమాట వెబ్ పత్రిక వచ్చింది, ఆ తర్వాత రచ్చబండ అనే యాహూ గుంపు సాహిత్య చర్చలకు నెలవైంది. యూనికోడ్ తెలుగు కంప్యూటర్లలో సరిగా కనిపించడం, తెలుగు టైపు చేయడానికి లేఖిని లాంటి పనిముట్లు రావడం 2000 దశకం మధ్య జరిగాయి. తెలుగు బ్లాగులు, వికీపీడియా ఊపందుకున్నది అప్పుడే. వికీపీడియాను తెలుగులో మొదలుపెట్టింది వెన్న నాగార్జున. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి కూడా రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు. తెలుగు చదివేవాళ్ల సంఖ్య కోట్లలో ఉన్నా, వికీపీడియాలో నెలనెలా చెప్పుకోదగ్గ మార్పులు చేసేవాళ్లు కొన్ని పదుల మందే. లక్షకు పైబడిన వ్యాసాల భారం ఆ కొద్దిమందిదే. కోట్లమందికీ ఉమ్మడిగా ఉన్నది భాష. పదుల మందికి మాత్రమే ఉన్నదేదో మరొకటి ఉండాలి.

తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచినవారి చర్చా పేజీలో స్వాగత సందేశం పడుతుంది. అది ముందే రాసిపెట్టిన మూస. పని ఎలా మొదలుపెట్టాలో చెబుతుంది, సందేహం వస్తే అడగమంటుంది. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, అందరికీ ఒకేలా పడే సందేశం నా పనిని ఎవరైనా చూశారని చెప్పదు. చెప్పేది రెండో సందేశం. ‘మీరు రాసిన ఊరి వ్యాసంలో మండలం పేరు మార్చాను, జిల్లాల పునర్విభజన తర్వాత అది మారింది, చూడండి’ అన్నలాంటి రెండు వాక్యాలు. అందులో పొగడ్త లేదు. కానీ రాసినవారి పేరు, రాసిన వ్యాసం, చేసిన తప్పు, దాని కారణం నాలుగూ ఉన్నాయి. మెక్‌మిలన్, చావిస్ చెప్పిన సభ్యత్వం, చెల్లుబాటు అన్న రెండు అంశాలూ ఆ రెండు వాక్యాల్లోనే కుదురుకున్నాయి.

వికీసోర్స్‌లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దిద్దుబాటు మర్యాద కాదు, నియమం. తెర మీద ఒక పక్క పాత పుస్తకం పుట బొమ్మ, మరో పక్క యంత్రం చదివి ఇచ్చిన పాఠం ఉంటాయి. వందేళ్ల నాటి సీసపు అచ్చును యంత్రం చదివితే తప్పులకు కొదవ ఉండదు. ‘ధ’కు ‘థ’ పడుతుంది, ‘ఘ’కు ‘ఝ’ వస్తుంది, వత్తు కింది వరుసలోకి జారిపోతుంది, అరసున్న మాయమవుతుంది, బండి ‘ఱ’ ఇంకేదో అవుతుంది. ఒకరు ఆ పుటను అక్షరం అక్షరం సరిచూసి భద్రపరిస్తే దాని గుర్తు పసుపుపచ్చ అవుతుంది. అచ్చుదిద్దబడింది అని లెక్క. అది ఆకుపచ్చ కావాలంటే, అంటే ఆమోదం పొందాలంటే, మరొకరు చదవాలి. దిద్దినవారే ఆమోదించడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఎంత పండితుడైనా, వెయ్యి పుటలు దిద్దినవాడైనా, తన పుటకు తాను ఆకుపచ్చ రంగు వేసుకోలేడు. పుస్తకం పూర్తయిందనాలంటే కనీసం ఇద్దరు కావాలి.

ఈ నియమం పెట్టింది తప్పులు తగ్గడానికి. మనుషుల్ని కలపడం దాని ఉద్దేశం కాదు. అయినా కలుపుతుంది. రెండో చదువరి పుట వెంట పుట వెళ్తుంటే మొదటివారి చెయ్యి తెలిసిపోతుంది. వీరు అరసున్న ఎప్పుడూ వదలరు గానీ ‘శ’, ‘ష’ల దగ్గర తడబడతారు, వారు పద్యపాదాల విరుపును బొమ్మలో ఉన్నట్టే ఉంచుతారు గానీ అధోజ్ఞాపికలు మరిచిపోతారు. పేజీ చరిత్రలో ప్రతి మార్పూ చేసినవారి పేరుతో, గంటా నిమిషాలతో సహా నిలిచి ఉంటుంది. ఒక్క పలకరింపూ లేకుండా ఒకరి ఓపిక, ఒకరి శ్రద్ధ, ఒకరి నిర్లక్ష్యం మరొకరికి తెలుస్తాయి. ఇలా ఒక పుస్తకం పొడుగునా నడిచిన ఇద్దరికి, ముఖం తెలియకపోయినా, ఒకరి మాట మీద మరొకరికి గురి కుదురుతుంది. సంభాషణ లేకుండా సముదాయం ఎలా అన్న ప్రశ్నకు ఇదే జవాబు: పని కూడా సంభాషణే, అందులో ప్రతి దిద్దుబాటూ ఒక జవాబే. ఆన్‌లైన్ సముదాయాల మీద రాసేవాళ్లు మాటల్ని లెక్కపెట్టినంతగా పనిని లెక్కపెట్టరు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. దిద్దుబాటు మనుషుల్ని కలపదు, తరిమేస్తుంది కదా? ఇంగ్లీషు వికీపీడియా అనుభవమే దానికి సాక్ష్యం. అక్కడ చురుకైన సంపాదకుల సంఖ్య 2007లో శిఖరానికి చేరి తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన కారణాన్ని వెతికింది. సదుద్దేశంతో రాసిన కొత్తవారి మార్పులు కూడా అంతకుముందుకంటే ఎక్కువగా వెనక్కి పోతున్నాయి. అలా పోగొట్టుకున్నవారు నిలవడం లేదు. ఆ తిప్పికొట్టడంలో యంత్రాల, సగం యంత్రాలతో నడిచే పనిముట్ల పాత్ర పెద్దది. దుర్మార్పుల వరదను ఆపడానికి చేసుకున్న ఏర్పాటు మంచివాళ్లనూ బయటికి నెట్టింది. ఇది తోసిపుచ్చదగ్గ సాక్ష్యం కాదు. కానీ తిప్పికొట్టడమూ దిద్దడమూ ఒకటి కావు. యంత్రం ఒక్క నొక్కుతో నా మార్పును తుడిచేసి మూస హెచ్చరిక అతికిస్తే అక్కడ నా పని మిగల్లేదు, నాతో మాట్లాడిన మనిషీ లేడు. నా వాక్యాన్ని ఉంచి, అందులో తప్పును మార్చి, ఎందుకు మార్చారో చెబితే నా పని మిగిలింది, మనిషీ దొరికాడు. జాయిస్, క్రౌట్ చూసిన కటువైన జవాబు కూడా మనిషి ఇచ్చిన జవాబే. హాఫేకర్ చూసినది జవాబు లేని తొలగింపు. ఈ రెండు పరిశోధనల మధ్య వైరుధ్యం పైకి కనిపించేదే. చిన్న సముదాయంలో ఈ తేడా మరింత పదునెక్కుతుంది. పదుల మందే ఉన్నచోట వ్యాసం తొలగించిన నిర్వాహకుడు ఎవరో అందరికీ తెలుసు. కారణం చెప్పకపోతే అది నియమంగా కాక పగగా మిగులుతుంది.

మరి పొగడ్త మాటేమిటి? దానికీ సాక్ష్యం ఉంది. మైకేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డి రైట్ 2012లో ఇంగ్లీషు వికీపీడియాలో అత్యధికంగా రాసే ఒక శాతం మందిలోంచి 200 మందిని తీసుకుని, సగం మందికి బార్న్‌స్టార్ అనే మెచ్చుకోలు గుర్తు ఇచ్చారు. అందుకున్నవారి పని, అందుకోనివారితో పోలిస్తే, 60 శాతం పెరిగింది. యానా గాలస్ జర్మన్ వికీపీడియాలో నాలుగు వేలమందికి పైగా కొత్తవారితో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. డబ్బు విలువ ఏమీ లేని చిన్న పురస్కారం అందుకున్నవారు మరుసటి నెలలో కొనసాగడం 20 శాతం పెరిగింది. తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావు పేరిట వికీమీడియా పురస్కారం ఉంది. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరిగిన తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాల్లో దాన్ని అందించారు. పేరు సరిగ్గా కుదిరింది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనలో ఆయన పాత్ర ముఖ్యమైనది. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నదీ ఆయనే. అయితే ఈ ప్రయోగాలు నా వాదనను కొట్టివేయవు. రెండింటిలోనూ మెచ్చుకోలు అందింది అప్పటికే చేసిన పనికి. ఎవరో ఆ పనిని చూసి ఎంచారన్న అర్థం పురస్కారంలోనే ఉంది. చూడకుండా అందరికీ పంచిపెట్టే సర్టిఫికెట్‌కు ఆ బలం ఉండదు. ఒక వెబినార్‌కు హాజరైనందుకు ఇచ్చే ప్రశంసాపత్రాన్ని ఎవరూ గోడకు తగిలించరు.

ఇంకో అభ్యంతరం చరిత్ర వైపు నుంచి వస్తుంది. మనవాళ్లమన్న భావం చిన్న పనుల వల్ల కాదు, పెద్ద ఘటనల వల్ల, ముఖ్యంగా అవమానం వల్ల పుడుతుందని. దీనికి హైదరాబాద్‌లోనే ఉదాహరణ చూపవచ్చు. 1921 నవంబర్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ రాత్రే పదకొండు మంది కూడి ఆంధ్ర జన సంఘం పెట్టారు. నిజమే, నిప్పు అక్కడ రాజుకుంది. కానీ ఆ రాత్రి సంఖ్య పదకొండు. అది 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయ్యేదాకా మధ్యలో తొమ్మిదేళ్లున్నాయి. ఆ తొమ్మిదేళ్లూ సంఘంలోని మాడపాటి హనుమంతరావు వంటివారు చేసింది అవమానాన్ని తలుచుకోవడం కాదు. గ్రంథాలయాలు పెట్టించడం, ఊళ్లకు ఉత్తరాలు రాయడం, శాసనాలూ తాళపత్రాలూ సేకరించడం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. అన్ని ఊళ్ల నుంచి అన్ని పద్యాలు రప్పించి, ఎంచి, సరిచూసి అచ్చువేయడం వెనక ఎంత ఉత్తరప్రత్యుత్తరం కావాలో పత్రిక నడిపినవారికి తెలుస్తుంది. ఆ 354 మందిలో అందరూ ఒకరినొకరు చూడలేదు. వారిని ఒక జాబితాలో నిలిపింది తపాలా.

పరిశోధకులు అనుబంధాన్ని రెండు రకాలుగా విడదీస్తారు: గుంపు మీద ఉండేది, గుంపులోని మనుషుల మీద ఉండేది. యూచింగ్ రెన్, క్రౌట్, సారా కీస్లర్ 2007లో ఆన్‌లైన్ సముదాయాలను ఈ దృష్టితోనే పరిశీలించారు. భాషాభిమానం మొదటి రకం. అది మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. తెలుగు మీద ప్రేమ లేనివారు వికీసోర్స్‌లో ఖాతా తెరవరు. కాబట్టి అభిమానం అక్కర్లేదని చెప్పడం లేదు. అభిమానం ఒక్కటే అయితే ఏమవుతుందో ప్రవాస తెలుగు సంఘాల మహాసభలు చూస్తే తెలుస్తుంది. 1977లో ఏర్పడిన ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) రెండేళ్లకొకసారి జరిపే సభలకు వేలాదిమంది వస్తారు, మూడు రోజులు పండగ చేసుకుంటారు, ఎవరి ఊరికి వారు వెళ్లిపోతారు. రెండు సభల మధ్య కాలంలో తెలుగు బడి నడిపేవాళ్లు, అనారోగ్యమో మరణమో వచ్చిన కుటుంబానికి వండి పంపేవాళ్లు, కాగితాలు చూసిపెట్టేవాళ్లు లేకపోతే సభ మిగలదు. ఈ మాట అన్నందుకు సభలవాళ్లు నొచ్చుకోనక్కర్లేదు, ఆ పనులు చేసేవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. రోజువారీ వ్యవహారమే బంధాన్ని కడితే, రోజుకు పదిసార్లు మోగే వాట్సాప్ గుంపులను మించిన సముదాయం ఉండకూడదు. పొద్దున పువ్వుల బొమ్మతో శుభోదయం, పండక్కి శుభాకాంక్షలు, పుట్టినరోజుకు కేకు బొమ్మలు. మలినోవ్‌స్కీ చెప్పిన పలకరింపు అంతా అక్కడ ఉంది. ఆ పలకరింపును వెటకారం చేసేవారితో నేను ఏకీభవించను. దూరాన ఉన్న పెద్దవారి శుభోదయం రాకపోతే కొడుకో కోడలో ఫోన్ చేసే ఇళ్లున్నాయి; ఆ బొమ్మ బాగున్నానని చెప్పే సందేశమే. కానీ అదే బంధం ఎంత చేటు చేయగలదో పాతబస్తీ చూసింది. 2018 మే 26 రాత్రి నయాపూల్‌కు దక్షిణాన చాంద్రాయణగుట్ట ప్రాంతంలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్ల నడుమ, గుంపు దాడిలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. అలాంటి దాడులు ఆ ఏడు దేశమంతటా జరిగాయి. వాట్సాప్ 2018 జులైలో ఫార్వర్డ్ చేసిన సందేశానికి గుర్తు పెట్టింది, మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, ఎన్నో చేతులు మారిన సందేశాలను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. పుకారు నమ్మకం కలిగించింది దానిలోని ఆధారం వల్ల కాదు, పంపినవారి ముఖం వల్ల. రోజూ పలకరించే పిన్ని, పక్కింటి అన్న, మసీదు దగ్గర కలిసే చాచా పంపితే అబద్ధం ఎలా అవుతుంది?

కనుక రోజువారీ పలకరింపు బంధాన్ని కడుతుందన్న మాట నిజమే, ఆ బంధం ప్రతిసారీ మేలు చేస్తుందన్నది నిజం కాదు. రెండు చోట్లా ఉన్న తేడా ఒక్కటే. వికీలో ‘దీనికి ఆధారం ఏది?’ అని అడగడం నిత్యకృత్యం. ఆ ప్రశ్న వేసినవారిని శత్రువుగా చూడరు, చూసినా మర్నాడు మళ్లీ అదే పని మీద కలవక తప్పదు. మన కుటుంబ గుంపుల్లో పెదనాన్న పంపిన సందేశం తప్పని చెప్పడం మర్యాద తప్పడం కింద లెక్క. చెప్పినవాడికి ఎక్కువ చదివానన్న పొగరని పేరొస్తుంది, గుంపు రెండు రోజులు మౌనం పాటిస్తుంది, మూడో రోజు పువ్వుల బొమ్మతో మళ్లీ మొదలవుతుంది. పెద్దల పట్ల గౌరవం ఉండాల్సిందే. కానీ ఆ గౌరవానికి దిద్దుబాటును బలి ఇచ్చిన గుంపు మమకారంలో ఎంత గొప్పదైనా, పుకారు ముందు నిలవలేదు. ఫార్వర్డ్‌ల మీద కంపెనీ పెట్టే అంకెల కట్టడి వేగాన్ని తగ్గిస్తుంది, ఆ అలవాటును మాత్రం మార్చదు. ‘బాబాయ్, ఇది పాత వీడియో అంట, మనూరిది కాదు’ అని మెత్తగా, మళ్లీ మళ్లీ చెప్పగలిగిన ఇంట్లో మారుతుంది.

వికీలను ఆదర్శంగా నిలబెట్టే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. రోజూ కలిసి పనిచేసేవాళ్లకు తమలో తాము వాడుకునే మాటలు, గుర్తులు, పాత గొడవలు పోగుపడతాయి. కొత్తవారికి అది గోడలా కనిపిస్తుంది. వికీమీడియా సర్వేల్లో ప్రపంచవ్యాప్తంగా మహిళా సంపాదకుల వాటా 20 శాతం దాటలేదు. రాత్రి పది తర్వాత రెండు గంటలు తీరిక దొరకడం ఇంట్లో ఎవరికి సాధ్యమో ఆలోచిస్తే ఇందులో కొంత భాగం అర్థమవుతుంది; దిద్దుబాటు పేరుతో జరిగే దబాయింపు మిగతా భాగం. రాయకుండా చదివేవాళ్ల సంగతి కూడా ఉంది. జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన లెక్క ప్రకారం ఆన్‌లైన్ సముదాయాల్లో నూటికి 90 మంది చూసేవాళ్లే, 9 మంది అప్పుడప్పుడు పాల్గొంటారు, ఒక్కరే ఎక్కువగా రాస్తారు. ఆ తొంభై మందికీ అనుబంధం ఉండవచ్చు. గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా పేపరు చదివి వెళ్లేవారికి ఆ గ్రంథాలయం తనదే. కాకపోతే వారి అనుబంధం ఇతరులకు తెలియదు, వారు వెళ్లిపోయినా తెలియదు. సముదాయం వారిని కాపాడుకోలేదు. 2013లో వికీపీడియా ధన్యవాదాలు చెప్పే మీట పెట్టింది; మాట రాయడానికి బిడియపడేవారికి అది మొదటి మెట్టుగా పనికొస్తుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు.

ఇంగ్లీషు, జర్మన్ వికీల మీద తేలిన అంకెలు తెలుగుకు యథాతథంగా వర్తిస్తాయని అనుకోనక్కర్లేదు. కొలుచుకోవడానికి కావలసిన సామగ్రి అంతా బయటే ఉంది. 2003 నుంచి తెలుగు వికీపీడియాలో జరిగిన మార్పులు, చర్చా పేజీల్లో పడిన జవాబులు, వికీసోర్స్‌లో పుటలు పసుపు నుంచి ఆకుపచ్చకు మారిన తేదీలు పేజీ చరిత్రల్లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. తొలి జవాబు అందిన తెలుగువారు ఎంతమంది మళ్లీ వచ్చారు, కారణం చెప్పి దిద్దితే ఎంతమంది నిలిచారు, చెప్పకుండా తొలగిస్తే ఎంతమంది పోయారు అన్నది ఒక పరిశోధక విద్యార్థి ఏడాదిలో తేల్చగల పని. మన విశ్వవిద్యాలయాల సామాజిక శాస్త్ర, భాషాశాస్త్ర శాఖలు దీన్ని చేపట్టాలి.